ఒకటి కొడితే ఆపు

"ఈ మంచులో ఆ బస్సు యాడన్నా గుంతలో పడితే?" అన్నది పిల్లమ్మ, వీధి తలుపు సందులోంచి బయటికి చూస్తూ. "దాని లైట్లు చూసినావా నువ్వు? కామెర్లు వచ్చినోడి కండ్ల మాదిరి ఉండాయి. ముందర ఎద్దు నిలబడినా కనపడదు. ఇంగ ఆ డ్రైవరు చూస్తే రాత్రంతా నిద్రలేని మొగం. మన శశి ఏమో ముందు సీట్లోనే కూచుంటాడు, వెనక్కి పోరా అంటే వినడు…"

టప్.

మంచం ఇనప పట్టీ మీద బోల్టు ఒక్కసారి తగిలింది. పిల్లమ్మ నోరు మూసుకుంది.

మంచం మీద కూర్చున్నది ఆమె మొగుడు బచ్చప్ప. పద్దెనిమిదేళ్ళు గనిలో దిగి ఎక్కిన మనిషి. మనుషుల్నీ రాతినీ మోసే కేజ్‌కి గంటలతో మాట్లాడే భాష ఒకటి ఉండేది అక్కడ. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే, ఎక్కేది రాయి కాదు, మనిషి, భద్రం అని. మూడు వినబడగానే పైన ఇంజను దగ్గరున్నవాడి చేతులు వాటంతట అవే మెత్తబడతాయని బచ్చప్ప చెప్పేవాడు, చెప్పేందుకు ఊపిరి ఉన్న రోజుల్లో. గని మూతబడి ఇరవై ఏళ్ళు దాటింది. అక్కడ పీల్చిన దుమ్ము మాత్రం ఛాతీలోంచి బయటికి రాలేదు. ఏటేటా గట్టిపడుతూ వచ్చి, ఇప్పుడు రెండు మాటలు కలిపి పలకడానికి కూడా చోటివ్వడం లేదు. అందుకని రెండేళ్ళ కిందట కొడుకు శశి ఎక్కడిదో పాత బోల్టు ఒకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. "గనిలో మాదిరే కొట్టు నాయినా, మాకు తెలుస్తాది" అన్నాడు.

ఇంట్లో రెండు కొడితే నీళ్ళు. మూడు కొడితే వచ్చి పైకెత్తి కూర్చోబెట్టాలి. ఒకటి కొడితే ఆపు. ఆ ఇంట్లో ఆపడానికి పిల్లమ్మ నోరు తప్ప ఇంకేముంది?

మొదట్లో ఆ నోటిని చేత్తో మూయించేవాడు. చెయ్యి లేవని కాలం వచ్చాక మాటతో మూయించాడు. మాట పోయాక బోల్టు దొరికింది. రోజుకు ముప్పై నలభై సార్లు ఒకటి మోగేది. మూడు మోగేది ఏ ఐదారు సార్లో. కానీ ఆ మూడే ప్రాణం. "ఈయన్ని వెల్లకిలా పడుకోనివ్వద్దమ్మా. కిందికి జారితే ఊపిరి అందదు. గంటకొక తూరి పైకి లాగి కూచోబెట్టు. మరిచిపోతే మనిషి దక్కడు" అని ఆస్పత్రిలో డాక్టరు రెండు సార్లు చెప్పి, అర్థమైందా లేదా అని ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాడు. మూడు దిండ్లు, పాత చీరలతో కట్టిన మూట ఒకటి వీపు వెనక పెట్టేది పిల్లమ్మ. అయినా బచ్చప్ప జారేవాడు. ఎముకలే తప్ప ఒంట్లో పట్టు లేదు. ఒకసారి జారితే తనంతట తాను పైకి రాలేడు.

పిల్లమ్మకు భయాలు చెప్పడం ఒక రోగమని గనివాళ్ళ ఇళ్ళ లైన్లో అందరూ అనుకునేవాళ్ళు. గ్యాసు బండ పేలుతుంది. సాంబారులో బల్లి పడుతుంది. దిండు కింద పెట్టుకున్న ఫోను మండిపోతుంది. శశికి పెళ్ళి కుదరదు, కుదిరినా నిలవదు. తెల్లవారి లేచింది మొదలు ఇదే పారాయణం. వెనక పెరట్లో పిట్టగోడకు అవతల ఉండే నాగరత్న అయితే పలకరింపుకు బదులు, "ఏం పిల్లమ్మా, ఈ పొద్దు ఎవర్ని చంపేసినావు నోటితో?" అని అడిగేది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి పిల్లమ్మ కడుపులో ఉంది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం వీధంతా అదిరింది. పళ్ళెంలో సంగటి ముద్ద పక్కకు జరిగింది. లోపల రాయి పగిలిందన్నారు. ఆడవాళ్ళందరూ తలలు విరబోసుకుని గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తారు. సాయంత్రం వరకూ నిలబడితే ఆమె తండ్రిని గోనెపట్టాలో పైకి తెచ్చారు. ఆ రాత్రి తల్లి గోడకు తల కొట్టుకుంటూ ఒకే మాట అన్నది: "ఈ పొద్దు ఒక్కపొద్దే నేను జాగర్త అని చెప్పలేదే!" అప్పటినుంచి పిల్లమ్మకు ఒక లెక్క కుదిరిపోయింది. నోటితో చెప్పేసిన చెడు జరగదు. చెప్పకుండా మరిచిపోయిందే వచ్చి పడుతుంది. అందుకని ఒక్కటీ వదలకుండా చెప్పేది. చెప్పి మొగుడి చేత బోల్టు దెబ్బ తినేది.

ఆ బోల్టుకు వారం కిందటే పేపరు టేపు చుట్టింది. తుప్పు పట్టిన ఇనుము గోటి సందులో గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని భయం. పని కోసం ఇంట్లో ఎప్పుడూ ఉండే పసుప్పచ్చ టేపే అది. ఈ కొస నుంచి ఆ కొసదాకా పొరలు పొరలుగా చుట్టింది. అంతకుముందు ఖంగుమని మోగి నాగరత్న ఇంట్లో వాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు. ఇప్పుడు టప్ మంటోంది. బచ్చప్ప ఆ టేపును చూసి, పెళ్ళాం మొహం చూసి, కళ్ళు మూసుకున్నాడు.

మంచు విడిచే వేళకు ఆయనకు రాగి జావ తాగించి, మూతి తుడిచి, చంకల కింద చేతులు వేసి పైకి లాగి కూర్చోబెట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి రేకు పంచ కింద పీట వేసుకుంది.

ఆమె పని కార్ల లైట్లు రుద్దడం. ముందు లైట్ల మీదుండే ప్లాస్టిక్ అద్దాలు ఎండకూ దుమ్ముకూ నాలుగైదేళ్ళకే పచ్చబడి మసకేస్తాయి. రాబర్ట్‌సన్‌పేటలో పాత కార్లు అమ్మే మాధవ ఆ లైట్లను ఊడదీసి, గోనెసంచిలో చుట్టి పంపిస్తాడు. మొదట ఈ పని శశి ఫోనులో చూసి నేర్చుకున్నాడు. వాడు నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టాక సగంలో ఆగిన జత ఒకటి పెరట్లో పడి ఉంటే, వానకు తడిసి పాడైపోతుందేమోనని భయపడి పిల్లమ్మే రుద్దింది. నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆమె రుద్దినంత తేటగా ఆ చుట్టుపక్కల ఎవరూ రుద్దరు.

ఆ రోజు వచ్చిన జత ఒక తెల్ల కారుది. కొనేవాళ్ళు మూడు గంటలకు వస్తున్నారు, ఒంటిగంటకల్లా కావాలని మాధవ ముందురోజే చెప్పాడు.

సబ్బు నీళ్ళతో కడిగింది. అంచుల చుట్టూ టేపు అంటించింది. ఎనిమిది వందల నంబరు గరుకు వాటర్ పేపరును బకెట్లో నానబెట్టి, అద్దం మీద నీళ్ళు చల్లుకుంటూ అడ్డంగా రుద్దడం మొదలుపెట్టింది. నీళ్ళు ఆగకూడదు. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది. దుమ్మంటే ఏమిటో ఆమెకు ముందు గదిలో మంచం మీద రోజూ కనబడుతూనే ఉంది. ముక్కుకు పాత పంచె ముక్క కట్టుకుని, వంచిన తల ఎత్తకుండా రుద్దింది. పచ్చటి మురికి పాలలా కారి ఆమె చీర అంచును తడిపింది. పచ్చదనం పోయింది కానీ అద్దం మొత్తం తెల్లగా, శుక్లం పట్టిన కన్నులా అయిపోయింది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పాడు చేసేశావని గోల పెడతారు. బాగుపడేముందు ఇంకా చెడినట్టు కనబడటం ఈ పనిలో మామూలు. తర్వాత వెయ్యి నంబరు నిలువుగా. పదిహేను వందలు అడ్డంగా. రెండు వేలు నిలువుగా. మూడు వేలు అడ్డంగా. ఒక్కో కాగితం ముందు కాగితం పెట్టిన గీతల్ని తినేస్తుంది.

ఆ కాగితాలు ఆమె వేళ్ళను కూడా తిన్నాయి. కుడిచేతి వేళ్ళ కొసలు గోలీల్లా నున్నగా ఉన్నాయి. రేషన్ అంగట్లో వేలు పెడితే మిషను గుర్తుపట్టదు. పోయిన నెల నాలుగు వేళ్ళు మార్చి మార్చి పెట్టినా ఒప్పుకోలేదు. "నువ్వు నువ్వే అని గ్యారంటీ ఏముందవ్వా?" అన్నాడు అంగడివాడు. వెనక వరుసలో వాళ్ళు నవ్వారు. తను ఎక్కడైనా దారిలో పడిపోతే, ఈ శవం పిల్లమ్మదని ఎట్లా కనుక్కుంటారని ఆమె ఆ రోజంతా మాట్లాడింది. ఆ రోజు బోల్టు చాలాసార్లు మోగింది.

పది గంటలకు మొదటి అద్దం తేటపడింది. పచ్చి కొబ్బరి నీళ్ళలా ఉంది. దాన్ని తుడిచి మొగుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఇదీ ఒక అలవాటు. గనిలో తల మీది దీపం వెలుగులో రాతి ముఖం మీద సన్న గీత పట్టుకున్న కళ్ళవి. పెళ్ళాం పని చూపిస్తే తల అటూ ఇటూ తిప్పి చూస్తాడు. బాగుందని నాలుగేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

ఆయన్ని పైకి లాగి కూర్చోబెట్టి అద్దాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. బచ్చప్ప చాలాసేపు చూశాడు.

"గీత" అన్నాడు.

"యాడ?"

వేలు లేపి కింది మూలను చూపించాడు. చెయ్యి దుప్పటి మీద పడిపోయింది.

ఉంది. వెంట్రుకలో సగం. ఎనిమిది వందల కాగితం నాటి గీత, అన్నింటినీ దాటుకుని మిగిలిపోయింది. దాన్ని తియ్యాలంటే మళ్ళీ వెయ్యి దగ్గర్నుంచి రావాలి. "కొనేవాడు కూడా చూడడప్పా దీన్ని!" అన్నది పిల్లమ్మ. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆ గీత ఉందని తెలిశాక ఇంక వదిలేయడం ఆమె వల్ల కాదు, అది ఆయనకూ తెలుసు.

పెరట్లోకొచ్చి బకెట్టును ఠప్పున పెట్టింది. పిట్టగోడ అవతల నాగరత్న చేటలో రాగులు చెరుగుతోంది.

"ఏమంటాడు మేస్త్రి?"

"గీత అంట. ముప్పై ఐదేండ్లు నేను చేసిన సంగట్లో రాళ్ళు ఏరినాడు. ఇప్పుడు దీంట్లో గీతలు ఏరతా ఉండాడు."

"కండ్లన్నా పని చేస్తా ఉండాయి కదా, సంతోషపడు."

పిల్లమ్మ వెయ్యి నంబరు కాగితం తీసుకుంది. రుద్దుతున్న కొద్దీ కోపం వేళ్ళలోకి దిగింది. కోపం పైకి రావడానికి ఆమెకున్న దారి ఒక్కటే. గొంతు పెంచి, ముందు గదికి వినబడేట్టు మొదలుపెట్టింది.

"శశి ఇంగా ఫోను చెయ్యలేదు. లోపలికి పోయేటప్పుడు ఫోన్లు గేటులోనే పెట్టించుకుంటారంట. లోపల మిషన్లో చెయ్యి పడినా మనకెవరు చెప్తారు? సాయంత్రం బస్సు దిగితేనే బతికి ఉండాడని తెలిసేది. ఆ బస్సు లైట్లు ఒక్క పూట ఇచ్చినా నేనే రుద్ది ఇస్తానని చెప్పినాను. ఆ డ్రైవరు నవ్వినాడు. నవ్వు, నవ్వు. బంగారుపేట మలుపులో లారీ వచ్చి…"

టప్.

"చూడు, మొదలైంది" అన్నది నాగరత్న, చేట ఆపి.

"లారీ వచ్చి గుద్దితే అప్పుడు తెలుస్తాది. నేను చెప్పేది నీకు చెవిటోడి ముందు…"

టప్. ఈసారి ఆలస్యంగా, నెమ్మదిగా వచ్చింది.

"చెప్పనీకండా చేస్తే ఆగుతాదా చెడు? నా నోరు నొక్కితే…"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎవరో తలుపు తట్టాలా వద్దా అని తట్టినట్టు, ఇంకొకటి. టప్.

నాగరత్న పకపకా నవ్వింది. "ఒకటి కాదు తల్లీ, మూడు తూర్లు చెప్పేసినాడు! ఇంగన్నా మూసుకో!"

పిల్లమ్మకు చెవుల దాకా వేడెక్కింది. పక్కింటి ఆడదాని ముందు. ఆమె కూడా లెక్కపెట్టింది. "సరే" అన్నది, ముందు గది వైపు తిరిగి. "మూసుకుంటాను. ఈ పొద్దంతా నా నోట్లోంచి మాట వస్తే అడుగు."

ముక్కు గుడ్డ ఇంకా బిగించి కట్టుకుంది. మూడు వేల నంబరు పూర్తయ్యాక, డ్రిల్లుకు ఉన్ని బిళ్ళ బిగించి, పాలిష్ ముద్ద రాసి మీట నొక్కింది. ఆ చప్పుడులో నాగరత్న ఇంకా ఏమన్నదో వినబడలేదు. ఇంకేదీ వినబడలేదు.

గంట దాటినట్టు ఆమెకు తెలుసు. ఆయన్ని పైకెత్తే వేళయింది. డ్రిల్లు ఆపి, గడప వైపు ఒకసారి చూసింది కూడా. వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఒకటి కొట్టడం తెలిసినాయనకు మూడు కొట్టడం తెలీదా? కావాలంటే కొడతాడు. కొట్టినాక పోతాను. అంతవరకు కూచోనీ, ఆ గీతలేరే కండ్లు పెట్టుకుని.

మూడు మోగలేదు. ఆమె మళ్ళీ మీట నొక్కింది.

ఒంటిగంటకు మాధవ తనే బండి మీద వచ్చాడు. రెండు అద్దాలనూ ఎండకు పట్టి చూసి ఈల వేశాడు. "అమ్మా, కొత్తది కూడా ఇట్లా ఉండదు కదమ్మా" అన్నాడు. గోనెలో చుట్టుకుంటూ ముందు గదిలోకి తొంగి చూశాడు. "పెద్దాయన నిద్రపోతా ఉండాడా?"

పిల్లమ్మ గడప దగ్గరికి వచ్చి చూసింది. బచ్చప్ప మొహం గోడ వైపు ఉంది. దుప్పటి గడ్డం దాకా ఉంది. దిండ్లు పైన మిగిలి, మనిషి కిందికి జరిగి ఉన్నాడు. రాత్రంతా దగ్గి దగ్గి, ఇప్పటికి కన్ను మూసినట్టున్నాడనిపించింది. లేపితే మళ్ళీ ఆ చూపు. లేపి పైకి లాగేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలి. మాట్లాడనని అన్నది కదా.

వేలు పెదవుల మీద పెట్టుకుని మాధవకు సైగ చేసింది. అతను చెప్పులు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్లమ్మ ఒక్కతే కూర్చుని సంగటి తిన్నది. బోల్టు మోగని భోజనం ఎన్నాళ్ళకో. తన నోరు మెదలకుండా ఉంటే ఇల్లు ఇంత నెమ్మదిగా ఉంటుందా అని ఆశ్చర్యపోయింది. కడిగిన కాగితాలను తీగ మీద వరసగా ఆరేసింది. గని మట్టి దిబ్బల మీంచి గాలి తెల్లటి మట్టిని లేపుతుంటే వీధి కిటికీ తలుపు మూసింది, ఆయన దగ్గకూడదని. మూసేటప్పుడు మంచం వైపు చూడలేదు. బింకం ఇంకా దిగలేదు.

మూడున్నరకు వీధి చివర బస్సు ఆగిన చప్పుడైంది. పిల్లమ్మ వీధిలోకి చూసింది. శశి బ్యాగు భుజానేసుకుని వస్తున్నాడు. రెండు చేతులూ ఉన్నాయి. రెండు కాళ్ళూ ఉన్నాయి. మొహాన చెమట తప్ప ఏమీ లేదు. పొద్దున చెప్పిన గుంత, ఎద్దు, లారీ, మిషను, ఏదీ జరగలేదు. చెప్పినవి జరగవు. ఆమె లెక్క ఆ రోజు కూడా తప్పలేదు.

"వచ్చినావా నా సామీ" అన్నది. నోరు మూసుకుంటానన్నాక అది ఆమె మొదటి మాట.

"ఏమ్మా, ఇంత మెల్లిగా మాట్లాడతావు? బాగుండావా?" నవ్వుతూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

"లేపద్దు, నిద్రపోతా ఉండాడు" అన్నది వెనకనుంచి.

లోపల బ్యాగు నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. పిల్లమ్మ స్టవ్ మీద టీ పెట్టింది. పాలు పొంగుకొచ్చినా శశి బయటికి రాలేదు. మంట తగ్గించి వెళ్ళి చూసింది.

శశి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తండ్రి పాదాన్ని ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. దుప్పటి తీసి ఉంది. బచ్చప్ప దిండ్ల మీంచి పూర్తిగా జారి, మెడ వంగి, గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి.

"చల్లగా అయిపోయి ఉండాడమ్మా" అన్నాడు శశి. "ఎప్పుడో."

పిల్లమ్మ గోడకు ఆనుకుంది. ఏడుపు రాలేదు. శశి మాట పెరట్లోకి వినబడిందేమో, నాగరత్న వచ్చింది, చేతికి రాగిపిండి అంటుకునే ఉంది. గడప దగ్గరే నిలబడిపోయింది.

పొద్దున్నుంచి తను చెప్పినవన్నీ పిల్లమ్మ మనసులో ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. మంచు, బస్సు, డ్రైవరు, గేటులో ఫోను, బంగారుపేట మలుపు. ఈయన పేరు అందులో లేదు. ఈ ఒక్క రోజూ ఈయన గురించి ఏమీ చెప్పలేదు.

శశి తండ్రి చేతి చుట్టూ వెతికాడు. దుప్పటి మడతలో చెయ్యి పెట్టి బోల్టును తాకి, దాన్ని అక్కడే వదిలేశాడు.

"బోల్టు పక్కనే ఉండాది" అన్నాడు. "నాయిన కొట్టలేదా?"

నాగరత్న కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కళ్ళు పిల్లమ్మ మీదికి వెళ్ళి, అక్కడ నిలవలేక నేల మీదికి దిగాయి. వంటింట్లో టీ పొంగి స్టవ్ మీద పడి చుయ్ మంది. మాడు వాసన ముందు గదిదాకా వచ్చింది. ఆపడానికి ఎవరూ కదలలేదు.

"అమ్మా, నిన్నే అడిగేది. నువ్వు ఇంట్లోనే ఉండావు కదా. మూడు కొట్టలేదా?"

పిల్లమ్మ నున్నటి వేలి కొసలతో గోడను రుద్దుతూ నిలబడింది. సున్నం రాలి పాదాల మీద పడింది. వీధిలో బస్సు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మూసిన కిటికీ సందులోంచి వచ్చే ఎండ మంచం కోడు మీంచి దిగి, నేల దాటి, ఆమె కాళ్ళ దాకా వచ్చింది. శశి ఆమె మొహం మీంచి చూపు తియ్యలేదు.

"ఒకటే కొట్టినాడప్పా" అన్నది చివరికి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఒకటే. మూడు తూర్లు."

దుప్పటి మడతలో బోల్టు అలాగే ఉంది. దాని ఒంటినిండా చుట్టిన పసుప్పచ్చ టేపు, పట్టీకి తగిలే కొస దగ్గర మాత్రం చిరిగి నలిగి, లోపలి ఇనుము బియ్యపు గింజంత బయటపడి ఉంది.